మూసలో మైసమ్మ

కుర్మయ్య అబద్ధం చెబుతున్నాడని జైల్లో ములాఖాత్ మొదలైన కాసేపటికే ఉమారాణికి అర్థమైపోయింది. అర్థమై ఒళ్ళు మండింది. పోలీసులకు అబద్ధం చెప్పేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది, వాళ్ళకంటూ ఒక లెక్క ఉంటుంది. తనను బయటికి తేవడానికి వచ్చిన మనిషికే అబద్ధం చెప్పేవాణ్ణి ఏమనాలో ఆమెకు తోచలేదు.

"గేటు ఇడిసి యాడికి పోలే మేడం" అన్నాడు కుర్మయ్య, ఇనపజాలీ అవతల నేల చూపులు చూస్తూ.

సురంగల్‌లో హరితవనం అని ఒక ఫామ్‌హౌసుల వెంచరు ఉంది. ఐటీ వాళ్ళ జీతాలు పెరిగిన కొద్దీ మొయినాబాద్ చుట్టూ పొలాలకు ప్రహరీలు లేస్తున్న రోజులవి. ఆ వెంచరుకు ముందొకటి, వెనకొకటి గేట్లు, రెంటికీ ఒక కంప్యూటరు, మనుషుల మెడల్లో కార్డులు. కార్డు చూపిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటరు రాసుకుంటుంది. ఆ కంప్యూటరు చూసుకునే పరమేష్‌ను మొన్న బోనాల నాడు పట్టపగలు, గేటు పక్క ఆఫీసు గదిలోనే, తల పగలగొట్టి చంపారు. షట్టరు లాగే ఇనపరాడ్డు నెత్తురుతో పక్కనే దొరికింది. ఆ పొద్దున గది తలుపు తీసింది పరమేష్ కార్డు, ఆ తర్వాత వాచ్‌మన్ కుర్మయ్య కార్డు, మరెవరిదీ కాదని కంప్యూటరు చెప్పింది. మనిషి చెబితే నాలుగు ఎదురు ప్రశ్నలు వేస్తారు. కంప్యూటరు చెబితే ఎవరు వేస్తారు? మర్నాడే కుర్మయ్యను తీసుకెళ్ళి లోపల వేశారు.

ఆ లెక్క అసలుదా కాదా అన్నది రేపు చేవెళ్ళ కోర్టులో తేలుతుంది. అసలుదేనని జడ్జి ఒప్పుకుంటే ఇక కుర్మయ్య మీద ఆశ వదులుకోవలసిందేనని వకీలు తెగేసి చెప్పాడు. అందుకే కుర్మయ్య భార్య అంతమ్మ, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఉమారాణి దగ్గరికి వచ్చింది. ఉమారాణి ఒకప్పుడు సిటీలో పెద్ద కంపెనీలో డేటాబేసుల ఉద్యోగం చేసి, అక్కడి మనుషుల మీద విరక్తితో మానేసి వచ్చిన మనిషి. ఇప్పుడు చేవెళ్ళలో ఎరువుల దుకాణం మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించుకుంది. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది యూరియా వచ్చిందా అని అడిగి పోతుంటారు.

"గేటు ఇడువకపోతే లోపలికి పోయినోళ్ళను నువ్వు చూసి ఉండాలె. ఎవరు పోయిన్రు?" అని అడిగింది.

"ఎవ్వరు పోలే."

"అయితే పరమేష్ తలకాయ పరమేషే పలగ్గొట్టుకున్నడా?"

ఉమారాణి గొంతు తగ్గించి, గేటు దగ్గరే ఉన్నానని చెబుతున్నంతసేపు తన ఉరితాడు తానే పేనుకుంటున్నాడని, అక్కడ లేనని చెబితేనే బతుకుతాడని నెమ్మదిగా వివరించింది. అప్పుడు పగిలాడు మనిషి. బోనాల నాడు గదా అని కల్లు కాంపౌండుకు పోయానని, తిరిగొచ్చేసరికి గది ముందు జనం పోగై ఉన్నారని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే, గేటు వదిలిపెట్టినట్టు తెలిస్తే నౌకరి పోతుందని ఇంటివాళ్ళు చెప్పారన్నాడు. ప్రాణం పోతుంటే నౌకరి గురించి బెంగపడే ఈ మనిషి మీద ఆమెకు కోపం రావలసింది, జాలే వచ్చింది.

"పరమేష్ సారు పెట్టే బోనం ముద్ద తినే నసీబు గూడ ఈసారి లేకపాయె మేడం" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఏటా మొదటి ముద్ద నాకే పెట్టేటోడు. ఆ కంప్యూటర్ ముంగట్నే."

కంప్యూటరు ముందు బోనం ఏమిటని అడిగేలోపు ములాఖాత్ అయిపోయిందని జవాను గదమాయించాడు.

బయట జీపులో అంతమ్మ, ఆమె తమ్ముడు హన్మంతు ఎదురుచూస్తున్నారు. హన్మంతు అదే వెంచరులో సెక్యూరిటీ ఇన్‌ఛార్జి. బావకు వాచ్‌మన్ పని పెట్టించింది అతనే, వకీలును మాట్లాడింది అతనే, అక్క కన్నీళ్ళు చూడలేక ఈ తిరుగుళ్ళన్నీ తిప్పుతున్నదీ అతనే. బోనాల నాడు పోతరాజు వెంట చిందేస్తూ ఊళ్ళో ఉన్నానని, తాను గేటు దగ్గర ఉంటే ఈ ఘోరం జరిగేది కాదని దారి పొడుగునా తిట్టుకున్నాడు. చిన్న మంగళారం పోవాలని ఉమారాణి అంటే, ఎందుకని మాత్రం రెండుసార్లు అడిగాడు.

చిన్న మంగళారంలో పరమేష్ ఇల్లు. చంపినవాడి తరఫు మనుషుల్ని అతని భార్య సింధుజ గుమ్మం తొక్కనివ్వదు కాబట్టి జీపు దూరంగా ఆపి ఉమారాణి ఒక్కతే నడిచింది. వాకిట్లో సింధుజ టమాటాలు ఏరి డబ్బాల్లో వేస్తోంది. గోడ వారన, సున్నం బొట్లు పెట్టి పసుపు పూసిన బోనం కుండ బోర్లించి ఉంది.

"వాని దిక్కు మాట్లాడనీకి వచ్చినవు గదా" అంది సింధుజ తల ఎత్తకుండానే. "పో. నీతోని నాకు మాటల్లేవు."

ఉమారాణి పోలేదు. పక్కన చతికిలబడి తానూ టమాటాలు ఏరడం మొదలుపెట్టింది. మెత్తబడినవి ఒక పక్కకు, గట్టివి డబ్బాలోకి. ఒక డబ్బా నిండింది. తర్వాత, నిన్ను ఒక్క మాటే అడిగి పోతాను, కంప్యూటరుకు బోనం ఏమిటి అంది.

సింధుజ చెయ్యి ఆగింది. అప్పటిదాకా బిగపట్టుకున్న మొహం ఆ ఒక్క ప్రశ్నకు చెదిరిపోయింది. వాడి పిచ్చి అది అంది. కొత్త బండి కొంటే నిమ్మకాయలు తొక్కిస్తారు, బావి తవ్వితే కోడిని కోస్తారు, కంప్యూటరు ఏం పాపం చేసింది అనేవాడట పరమేష్. వెంచరుకు కంప్యూటరు వచ్చినప్పటి నుంచి ఏటా బోనాల పొద్దున, తల్లికి బోనం లేవకముందే, చిన్న డబ్బాలో వేరుగా వండించుకుని పట్టుకుపోయి ఆ మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి ఎక్కించేవాడు. ఎక్కించాక దాంట్లో మైసమ్మ పేరున ఏదో రాసేవాడు.

"ఏం రాసేటోడు?"

"ఆ యేడు బోనం ఎవరు ఎత్తిన్రు, మొదటి ముద్ద ఎవరు తిన్నరు, గంతే. ఒక్క మూసల పెట్టిన సింధూ, ఇంక ఈ మిషన్‌ల ఎన్ని కొత్తయి పుట్టినా అన్నిట్ల అమ్మవారు ఉంటది అనేటోడు. నాకేం సమజైతది? నవ్వేదాన్ని."

ఉమారాణి చేతిలోని టమాటా అలాగే ఉండిపోయింది. సింధుజకు అర్థం కాని ఆ మాట ఆమెకు అర్థమైంది.

ఆ రోజు ఏమైనా చెప్పాడా అని అడిగితే సింధుజ మిగిలిందీ చెప్పింది. కొన్నాళ్ళుగా పరమేష్ ముభావంగా ఉన్నాడు. వెంచరు వెనకాల ఎండిన బావిలో ఏవో టాంకర్లు వచ్చి మందుల ఫ్యాక్టరీల మురికినీళ్ళు పోసి పోతున్నాయట. గేటు లెక్కలో ఆ టాంకర్లు పడుతున్నాయి కాబట్టి తీసెయ్యమని వెంచరు వాళ్ళు అడిగారట, తీయనన్నాడట. మన బావుల నీళ్ళు వాసన కొడుతుంటే నేనెట్ల తీస్తానని ఇంట్లో గొణిగాడు. బోనాల పొద్దున మాత్రం హుషారుగానే పోయాడు. పదిన్నర ప్రాంతంలో ఫోన్ చేశాడు.

"మిషన్‌ది అయింది, వస్తున్న, నువ్వు కుండ తయారు చెయ్యి అన్నడు. ఈసారి నీ అన్నం మస్తు కుదిరిందట సింధూ అన్నడు."

"కుదిరిందట? ఎవరన్నరట?"

"ఎవరంటరు, వాడే. కుర్మయ్య. ఏటా మొదటి ముద్ద వానికే." సింధుజ కళ్ళలో నీళ్ళు రాలేదు, రాకపోవడమే భయంగా ఉంది. "నా చేతి అన్నం తినుకుంట తినుకుంట నా మొగణ్ణి సంపిండు. కుండకు పసుపు రాస్తున్న, కబురొచ్చింది. వాణ్ణి ఇడిపియ్యనీకి నువ్వొచ్చినవు. టమాటాలు ఏరితే నీ పాపం పోతదా?"

పదకొండింటికి శవాన్ని చూశారని పోలీసు కాగితంలో ఉంది. మధ్యలో ఉన్నది అరగంట. ఆ అరగంటకు ముందు ఎవరో ఆ అన్నం తిని బాగుందన్నారు, ఆ అన్నవాడు కుర్మయ్య కాదు. ఉమారాణి లేచి నిలబడింది. ఆ మాట సింధుజకు చెప్పాలనిపించింది గానీ ఉత్తచేతులతో చెప్పే మాట కాదది, చెప్పకుండానే వచ్చేసింది.

సురంగల్ గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంతమ్మ అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని బయట అరుగు మీద కూర్చుండిపోయింది. మొగుడు పని చేసిన గేటు, లోపలికి రానంది. ఉమారాణి వెనక బావి దారి దాకా వెళ్ళి చూసి వచ్చాక, కోర్టు ఇచ్చిన అనుమతి కాగితం చూసి హన్మంతు ఆఫీసు గది తెరిచాడు. దుకాణంలాగా ముందు షట్టరు, దాని లోపల కార్డుతో తెరుచుకునే అద్దాల తలుపు. షట్టరు లాగడానికి కొత్త రాడ్డు ఒకటి గోడకు ఆనించి ఉంది.

నేలంతా ఫినాయిల్ వాసన. కడిగినవాళ్ళు నేలను బాగానే కడిగారు గానీ కంప్యూటరును వదిలేశారు. డబ్బా ముఖాన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు అలాగే ఉన్నాయి. వెనక వైర్ల మధ్య వేపరెమ్మ ఎండిపోయి ఉంది. బోనం అన్నం తెచ్చిన స్టీలు డబ్బా మాత్రం ఎక్కడా లేదు, పోలీసుల సామాన్ల పట్టీలోనూ లేదు. చంపినవాడు ఎంగిలి డబ్బాను మాత్రం మరిచిపోలేదన్నమాట.

"ఏంది ఉమా, డిగ్రీలన్నీ పెట్టుకుని ఇంకా ఈ వాచ్‌మన్ కేసులేనా?"

తలుపు దగ్గరి నుంచి ఆ గొంతు వినగానే ఆమెకు పాత చేదంతా నోట్లోకి వచ్చింది. జితేందర్. సిటీ కంపెనీలో పక్క కుర్చీ. ఆమె రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన పనికి తన పేరు పెట్టుకుని మెట్లెక్కినవాడు, అడిగితే టీమ్ వర్క్ అని నవ్వినవాడు. ఇప్పుడు సొంత కన్సల్టెన్సీ. ఈ వెంచరు తరఫున గేటు డేటాబేసును పరీక్షించి, నకలు తీసి, సీడీ మీద సంతకం పెట్టి కోర్టుకు ఇచ్చిన నిపుణుడు ఇతనే. ఈ రోజు కంప్యూటరు చూపించడానికి కూడా వెంచరు వాళ్ళు ఇతణ్ణే పంపారు. హత్య జరిగిన మర్నాడు పోలీసులు పిలిస్తేనే మొట్టమొదటిసారి సురంగల్ వచ్చానని, ఈ డేటాబేసు ఈ ఏటి ఉగాదికి గేట్లు పెట్టినప్పుడు పరమేష్ చేసిందేనని, అప్పటి నుంచి దాన్ని ఎవరూ మార్చలేదని ప్రమాణపత్రం కూడా ఇచ్చాడు.

ఆమె ఆ మాటే మళ్ళీ అడిగింది. ఎవరూ ముట్టలేదా అంది. ముట్టలేదన్నాడు. ఉగాదికి పుట్టిందేనా అంది. అదేనన్నాడు. మరి కోర్టుకిచ్చిన లెక్కలో టాంకర్లు ఒక్కటీ కనబడవేం, వెనక బావి దారిలో టాంకరు టైర్ల గుర్తులు ఇప్పుడే చూసి వచ్చానంది. రానివి ఎలా కనబడతాయన్నాడు జితేందర్, తల కూడా తిప్పకుండా.

"నీకు ఇంకా డౌటుంటే ఇది చూడు" అని తెర మీద వేలు పెట్టాడు. గేటు లెక్కల పట్టికల పక్కనే మైసమ్మ అని ఇంకో పట్టిక ఉంది. "మీ పరమేష్ భక్తి. నేనే కొత్తది చేసి పెట్టి ఉంటే ఇది ఎట్ల వస్తది? నేనేమన్న పూజలు చేసెటోణ్ణా? దీన్ని మించిన ప్రూఫ్ నీకు దొరకదు."

అంత తెలివైనవాడు అంత ధీమాగా ఆ మాట అనడం చూసి ఉమారాణికి నవ్వు వచ్చింది, దిగమింగుకుంది.

"దాన్ని తెరిచి చూసినవా?"

"దేవుని పట్టికల చూడనీకి ఏముంటది?"

"సరే. ఒక కొత్త డేటాబేసు నా ముందర చేసి సూపియ్యి."

క్లాసులు కూడా చెప్పాలా అని అతను నవ్వాడు. హన్మంతు వైపు చూసి, మేడం చదువు మరిచిపోయినట్టుందని కూడా అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ హన్మంతు నవ్వలేదు. జితేందర్ తెర మీద నల్లటి కిటికీ తెరిచి, క్రియేట్‌డీబీ అని, పక్కన పరీక్ష అని పేరు కొట్టాడు. ఒక్క వాక్యం అంతే, బొత్తాలు నొక్కే పని కూడా లేదు. కన్ను మూసి తెరిచేలోపు కొత్త డేటాబేసు పుట్టింది.

"ఇప్పుడు దాంట్ల ఏమున్నదో చూడు."

"ఏముంటది? ఇప్పుడే పుట్టె. ఖాళీ."

"చూడమంటున్న."

విసుక్కుంటూ చూశాడు. తెర మీద ఒకే ఒక్క పేరు వచ్చింది. మైసమ్మ. జితేందర్ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అతనికి తెలియని సంగతేమీ కాదు, ఎప్పుడూ పట్టించుకోని సంగతి. కొత్త డేటాబేసు గాల్లోంచి పుట్టదు. ఇటుక బట్టీలో అచ్చు ఉన్నట్టు కంప్యూటరులో ఒక మూస ఉంటుంది. కొత్తది కావాలన్నప్పుడల్లా ఆ మూసను నకలు తీసి ఇస్తుంది. మూసలో ఏముంటే కొత్తదాంట్లో అదే ఉంటుంది. మామూలుగా మూసలో ఎవరూ ఏమీ పెట్టరు. పెద్ద చదువుల్లో అయితే దాని జోలికి పోవద్దనే చెబుతారు. పరమేష్ మాత్రం ఇల్లు కడితే గడపకు పసుపు రాసినట్టు ఆ మూసలో అమ్మవారిని పెట్టాడు, ఏటా బోనాలకు ఒక వరుస కలుపుతూ వచ్చాడు.

ఉమారాణి కీబోర్డు తన వైపు లాక్కుంది. ముందు వెంచరు ప్లాట్ల బుకింగుల డేటాబేసు తెరిచింది. రెండు వేల అయిదులో, ఆ ఏటి బోనాల తర్వాత చేసింది అది. దాని మైసమ్మలో ఒకటే వరుస ఉంది, ఆ ఏటిది. అంటే పరమేష్ పాతవాటి జోలికి పోలేదు, రాసిందల్లా మూసలోనే రాశాడు. తర్వాత గేటు డేటాబేసు తెరిచింది. ఉగాదికి పుట్టిందని జితేందర్ ప్రమాణం చేసినది. అప్పటికి గడిచిన రెండు బోనాలకు రెండు వరుసలు ఉండాలి. మూడు ఉన్నాయి.

"ఉగాదికి పుట్టిన దాంట్ల శ్రావణం బోనం ఎట్లొచ్చింది జితేందర్?"

అతను గొంతు సవరించుకున్నాడు. పరమేషే ఆ పొద్దున ఏదో మార్చి ఉంటాడన్నాడు. ఆ వరుస రాసి పెళ్ళానికి ఫోన్ చేశాక పరమేష్ బతికింది అరగంట కూడా లేదంది ఉమారాణి. ఇన్ని నెలల గేటు లెక్క కొత్తగా పోసి, టాంకర్లు ఏరేసి, తనను చంపినట్టు కుర్మయ్య కార్డు కూడా తానే రాసి పెట్టి చచ్చాడా అని అడిగింది. పోనీ అలాగే అనుకుందాం, ఎవరూ ముట్టలేదని సంతకం పెట్టింది నువ్వే కదా అంది. మాట్లాడుతుంటే గొంతులో కోపం తనకే వినబడుతోంది. ఇది తన పనిని దొంగిలించినప్పటి కోపం కాదు. అప్పుడు పోయింది ఒక కుర్చీ, ఇక్కడ ఒక మనిషి పోయాడు, ఇంకో మనిషి పోబోతున్నాడు.

"నువ్వు పాతది తీసేసి కొత్తది చేసినవు. మైసమ్మ పాతదాంట్ల గూడ ఉండె, కొత్తదాంట్ల గూడ వచ్చింది. పోలిక కలిసిందని సంబురపడ్డవు. తెరిచి చూడలే."

"కోర్టుల చెప్పు ఈ కథలు. మైసమ్మ సాక్ష్యం చెప్పిందంటే నవ్వుతరు."

"నవ్వనీ. మూడో వరుస గూడ చదివి వినిపిస్త."

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు పరమేష్. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటి చదివింది. రెండు వేల అయిదు, బోనం ఎత్తింది సింధుజ, మొదటి ముద్ద కుర్మయ్య. ఆరు, సింధుజ, మళ్ళీ కుర్మయ్య. ఏడు. సింధుజ. ఆ మాట ఆమె లోలోపల మళ్ళీ చదువుకుంది, ఎత్తని బోనాన్ని ఎత్తినట్టే రాసిపెట్టి పోయాడు పిచ్చివాడు. తర్వాత మొదటి ముద్ద.

"జితేందర్ సార్" అని చదివింది.

హత్య జరిగిన మర్నాడే మొదటిసారి ఈ గడప తొక్కానన్నవాడి పేరు, హత్యకు ముందు రాసిన వరుసలో ఉంది. టాంకర్ల లెక్క తుడవమని బతిమాలడానికో బెదిరించడానికో వచ్చి ఉంటాడు. వచ్చినవాడు ఎందుకొచ్చాడో తెలిసి కూడా పరమేష్ పండగ పూట అన్నం పెట్టాడు, బాగుందన్నాడని సంతోషపడి పెళ్ళానికి చెప్పుకున్నాడు. తిన్న చెయ్యి ఆరకముందే చంపారు. ఆ రాత్రి జితేందర్ ఇదే కుర్చీలో కూర్చుని ఒక్క వాక్యం కొట్టి కొత్త డేటాబేసు చేసి, తన పేరును తన చేత్తోనే దాంట్లోకి తెచ్చుకున్నాడు. ఉమారాణికి గెలిచిన సంతోషం కలగలేదు.

జితేందర్ చెయ్యి మెల్లగా స్విచ్చు బోర్డు వైపు పోయింది.

"తీసెయ్" అంది ఆమె. "కోర్టుల ఉన్న సీడీ గూడ దీని నకలే. నువ్వే తీసినవు, నువ్వే సంతకం పెట్టినవు. రేపు జడ్జి ముందర తెరుస్తరు."

అతని చెయ్యి ఆగింది. మొహం పాలిపోయింది. అయితే అతను ఆమె వైపు చూడటం లేదు, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాడు. తప్పు చేసి దొరికినవాడి చూపు కాదది, ఇప్పుడేం చేద్దామని ఇంకొకరిని అడిగే చూపు.

అప్పుడు గమనించింది. జితేందర్ సార్ అన్న మాట దగ్గర వరుస అయిపోలేదు. అక్కడ కామా ఉంది. గీతలో చోటు చాలక మిగతాది కిందికి జారింది. ఆమె దాన్ని పైకి చదవలేదు.

హన్మంతన్న.

పోతరాజు వెంట ఊళ్ళో చిందేస్తున్నానన్న హన్మంతు. గేటు వదిలినట్టు చెప్పొద్దని కుర్మయ్యకు నూరిపోసిన ఇంటివాళ్ళు ఎవరో ఆమె అడగనే లేదు. టాంకర్లకు వెనక గేటు తెరవాలంటే సెక్యూరిటీ ఇన్‌ఛార్జి కాక ఎవరు తెరుస్తారన్నదీ ఆలోచించలేదు. పొద్దుటి నుంచి అతని జీపులోనే తిరిగింది. ఎక్కడికి పోతోందో, ఎవరిని అడుగుతోందో మైలు మైలుకూ అతనికి చెబుతూనే తిరిగింది. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది.

వెనక గరగరమని షట్టరు దిగుతున్న చప్పుడైంది. గదిలో వెలుతురు కింది నుంచి కొద్దికొద్దిగా తగ్గి, తెర వెలుగు ఒక్కటే మిగిలింది. ఆమె తిరిగి చూసింది. హన్మంతు చేతిలో కొత్త రాడ్డు ఉంది. పొద్దుటి నుంచి అక్క కోసం తడిసిన కళ్ళే ఇంకా తడిగా ఉన్నాయి, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"అక్కకు చెప్పకు మేడం" అన్నాడు.

ఉమారాణి నోరు తెరిచేలోపు బయటి నుంచి షట్టరు మీద అరచేత్తో తట్టిన చప్పుడైంది. ఆ వెంటనే అంతమ్మ గొంతు వినబడింది, ఏ అనుమానమూ లేని గొంతు.

"తమ్మీ, షట్టర్ ఎందుకేసినవ్‌రా? మేడం లోపల్నే ఉన్నది గదా."